పాత హిప్ హాప్ గొప్పదా, కొత్తదా? యాభై ఏళ్ల లెక్క ఒకసారి చూద్దాం



మన హాస్టళ్లలో, కాలేజీ ఫంక్షన్లలో, పండక్కి ఊరెళ్లినప్పుడు ఒక వాదన మళ్లీ మళ్లీ వస్తుంది. "ర్యాప్ అంటే తొంభైలదే. టూపాక్, నాస్, బిగ్గీ. ఇప్పుడొచ్చేదంతా గొణుగుడు" అని ఒకళ్లు. "ఆ పాతవి వింటే నిద్రొస్తది, బీటే ఉండదు" అని ఇంకొకళ్లు. రెండు వైపులా గట్టిగానే మాట్లాడతారు గానీ, ఆ పాటలు ఏ పరిస్థితుల్లో పుట్టాయో ఎవరూ మాట్లాడరు. అందుకే ఈ పోస్టు. హిప్ హాప్ చరిత్రని కాలాల వారీగా చెప్పి, ఏ కాలంలో ఏది బాగుంది, ఏది పడిపోయింది, ఎందుకు పడిపోయింది అని చూస్తాను. పొడుగు పోస్టే, కానీ చివర్లో మనకి నేరుగా సంబంధించిన విషయం ఉంది. ఓపిగ్గా చదవండి.

1. రికార్డు లేని కాలం (1973–1979)

హిప్ హాప్ పుట్టింది న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో. ఆ ప్రాంతం మధ్య నుంచి క్రాస్ బ్రాంక్స్ ఎక్స్‌ప్రెస్‌వే అనే పెద్ద రోడ్డు వేశారు. రాబర్ట్ మోజెస్ అనే అధికారి పట్టుబట్టి వేయించిన రోడ్డు అది. దాని కోసం వేల కుటుంబాలని ఇళ్లు ఖాళీ చేయించారు. బతికున్న పేటలు రెండు ముక్కలయ్యాయి. తర్వాత ఉద్యోగాలు పోయాయి, 1970లలో బిల్డింగులకి బిల్డింగులే తగలబడ్డాయి. అభివృద్ధి పేరుతో ఊరు లేపేస్తే ఏమవుతుందో పోలవరం ముంపు ఊళ్ల వాళ్లకి నేను కొత్తగా చెప్పక్కర్లేదు.

అక్కడ 1973 ఆగస్టు 11న, 1520 సెడ్జ్‌విక్ ఎవెన్యూ అనే అపార్ట్‌మెంటులో సిండీ క్యాంప్‌బెల్ అనే అమ్మాయి ఒక పార్టీ పెట్టింది. స్కూలు తెరిచే ముందు కొత్త బట్టలు కొనుక్కోడానికి డబ్బులు కావాలి, అదీ కారణం. టికెట్ అమ్మాయిలకి 25 సెంట్లు, అబ్బాయిలకి 50 సెంట్లు. పాటలు వేసింది ఆమె అన్న క్లైవ్. జమైకా నుంచి వలస వచ్చిన కుటుంబం వాళ్లది. లోకం అతన్ని డీజే కూల్ హెర్క్ అంటుంది.

హెర్క్ గమనించింది ఏంటంటే, పాటలో గొంతు ఆగిపోయి డ్రమ్ములు మాత్రమే వచ్చే చిన్న ముక్క దగ్గర జనం బాగా ఊగిపోతున్నారు. ఆ ముక్కని బ్రేక్ అంటారు. అతను ఒకే రికార్డు రెండు కాపీలు రెండు టర్న్‌టేబుళ్ల మీద పెట్టి, ఒకదాంట్లో బ్రేక్ అయిపోగానే రెండోదాంట్లో మొదలుపెట్టి, కొన్ని సెకన్ల ముక్కని నిమిషాల తరబడి సాగదీశాడు. తర్వాత గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ ఈ పనిని ఇంకా కచ్చితంగా చేశాడు. గ్రాండ్ విజార్డ్ థియోడర్ రికార్డుని చేత్తో ముందుకీ వెనక్కీ రుద్దే స్క్రాచ్ పద్ధతి కనిపెట్టాడు. మైకు పట్టుకునే ఎంసీ పని మొదట్లో జనాన్ని హుషారు చేయడమే.

ఈ కాలం క్వాలిటీ ఎంత? చెప్పడం చాలా కష్టం. ఎందుకంటే 1979 దాకా ఇదంతా రికార్డుల మీదకి ఎక్కలేదు. పార్టీల్లో చేసుకున్న కొన్ని క్యాసెట్లు తప్ప మిగిలింది తక్కువ. మన దండారి ఆటనో, గుస్సాడినో ఫోన్‌లో చూసి "ఇంతేనా" అన్నవాళ్లు ఉంటారు. ఆ రాత్రి అక్కడ నిలబడినవాళ్లకి తెలిసేది వేరు. హిప్ హాప్ మొదటి ఆరేళ్లూ అలాంటివే. చార్టులు, అవార్డులతో దాన్ని కొలవలేం.

2. ప్లాస్టిక్ మీదకి ఎక్కిన కాలం (1979–1985)

1979లో షుగర్‌హిల్ గ్యాంగ్ పాడిన 'రాపర్స్ డిలైట్' వచ్చింది. న్యూజెర్సీలో సిల్వియా రాబిన్‌సన్ అనే ఆమె తన కంపెనీ నుంచి తెచ్చింది. అమెరికా టాప్ 40లోకి వెళ్లిన మొదటి ర్యాప్ పాట ఇదే. కానీ ఆ ముగ్గురూ బ్రాంక్స్ పార్టీల్లో పేరున్న ఎంసీలు కాదు. వాళ్లలో బిగ్ బ్యాంక్ హ్యాంక్ పాడిన మాటల్లో చాలావరకు గ్రాండ్‌మాస్టర్ కాజ్ అనే బ్రాంక్స్ ఎంసీ రాసుకున్నవి. ఎంత దారుణం అంటే, కాజ్ తన పేరుని అక్షరాలుగా విడగొట్టి చెప్పుకున్న చోటుని కూడా మార్చకుండా అలాగే పాడేశాడు. కాజ్‌కి పేరూ రాలేదు, డబ్బూ రాలేదు. ఇది గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్లీ పనికొస్తుంది.

1982లో 'ద మెసేజ్' వచ్చింది. గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ అండ్ ద ఫ్యూరియస్ ఫైవ్ పేరు మీద వచ్చినా, అందులో పని ఎక్కువగా మెల్లీ మెల్, డ్యూక్ బూటీలది. పార్టీ పాట కాస్తా పేట జీవితం చెప్పే పాటగా మారింది అక్కడే. 1984లో రాక్సాన్ షాంటే అనే పద్నాలుగేళ్ల అమ్మాయి, అబ్బాయిల పాటకి జవాబుగా ఒక ర్యాప్ రికార్డు చేసి మొత్తం న్యూయార్క్‌ని కదిలించింది.

ఇప్పుడు వింటే ఈ కాలం పాటల్లో ప్రాసలు సాదాగా ఉంటాయి. లైను చివర ఒక్క ప్రాస, తర్వాత లైను చివర ఇంకొకటి. "చిన్నపిల్లల పాటలా ఉంది" అనిపిస్తుంది. నిజమే. కానీ దారి వేసినవాళ్ల నడకని, ఆ దారి మీద బండి తోలేవాళ్ల వేగంతో పోల్చకూడదు.

3. బంగారు కాలం అని పిలిచేది (1986–1996)

పాత హిప్ హాప్ గొప్పది అనేవాళ్లు ఎక్కువగా చెప్పేది ఈ పదేళ్ల గురించే. వాళ్ల మాటలో బలం ఉంది. 1987లో ఎరిక్ బీ అండ్ రకీమ్ 'పెయిడ్ ఇన్ ఫుల్' ఆల్బమ్ వచ్చాక ర్యాప్ రాసే పద్ధతే మారింది. రకీమ్ ప్రాసని లైను చివర నుంచి లైను మధ్యకి తెచ్చాడు. వాక్యం ఒక లైనులో మొదలై ఇంకో లైనులో ముగిసేది. 1988లో పబ్లిక్ ఎనిమీ రాజకీయాన్ని నేరుగా మైకులోకి తెచ్చింది. అదే ఏడు కాంప్టన్ నుంచి ఎన్.డబ్ల్యూ.ఏ. వచ్చింది. పోలీసుల మీద వాళ్లు పాడిన పాటకి 1989లో ఎఫ్‌బీఐ అధికారి ఒకాయన వాళ్ల కంపెనీకి ఉత్తరం రాశాడు. ఎంసీ లైట్, క్వీన్ లతీఫా, సాల్ట్ ఎన్ పెపా ఈ కాలం వాళ్లే. 1993లో వూ-టాంగ్ క్లాన్, 1994లో నాస్ 'ఇల్మాటిక్', అదే ఏడు బిగ్గీ 'రెడీ టు డై'.

ఆ సౌండు అంత చిక్కగా ఎందుకుంది? దీనికి ఒక మెషిన్ కథ ఉంది. 1987లో ఎస్పీ-1200 అనే శాంప్లర్ వచ్చింది. దాంట్లో మొత్తం కలిపి పది సెకన్ల శబ్దమే పడుతుంది. కుర్రాళ్లు ఏం చేశారు? 33 స్పీడు రికార్డుని 45 స్పీడులో తిప్పి శాంపిల్ చేసుకున్నారు. తక్కువ చోటు పడుతుంది. తర్వాత మెషిన్‌లో స్పీడు తగ్గించి మామూలుకి తెచ్చారు. అలా చేస్తే శబ్దం కొంచెం గరుకుగా, మట్టి అంటినట్టు వస్తుంది. ఇప్పుడు మనం అబ్బా అనే ఆ పాత సౌండులో సగం, చోటు లేక చేసిన ఆ ఉపాయమే.

ఇంకో కారణం చట్టం. 1991 దాకా పాత రికార్డుల ముక్కలు వాడుకుంటే పెద్దగా అడిగేవాళ్లు లేరు. పబ్లిక్ ఎనిమీ ఒక్కో పాటలో ఎన్నో ముక్కలు పేర్చేది. 1991 డిసెంబరులో బిజ్ మార్కీ మీద గిల్బర్ట్ ఓ'సల్లివన్ పాట ముక్క వాడుకున్నందుకు కేసు తీర్పు వచ్చింది. జడ్జి "దొంగిలించకూడదు" అన్న బైబిల్ ఆజ్ఞతో తీర్పు మొదలుపెట్టాడు. ఆ తర్వాత ప్రతి ముక్కకీ పర్మిషన్, ప్రతి పర్మిషన్‌కీ డబ్బు. అంత దట్టంగా పేర్చే పద్ధతి ఖర్చుకి తట్టుకోలేకపోయింది. డి లా సోల్ పాత ఆల్బమ్‌లు ఈ శాంపిల్ హక్కుల గొడవల వల్ల 2023 మార్చి దాకా స్ట్రీమింగ్‌లోకే రాలేదు. అంటే పబ్లిక్ ఎనిమీ లాంటి సౌండు తర్వాత తగ్గిపోవడానికి టాలెంట్ లేకపోవడం కారణం కాదు. కోర్టు తీర్పు ఒక పెద్ద కారణం.

అయితే ఈ బంగారు కాలం వాళ్లు మర్చిపోయే సంగతి ఒకటుంది. 1990లో అమెరికాని ఊపేసింది ఎవరు? ఎంసీ హామర్, వనిల్లా ఐస్. ఆ ఏడాది ఆల్బమ్ చార్టులో వారాల తరబడి మొదటి స్థానం హామర్‌ది, ఆ తర్వాత వనిల్లా ఐస్‌ది. నాస్ 'ఇల్మాటిక్' మాత్రం 1994లో వస్తే, ఐదు లక్షల కాపీల గుర్తింపు రావడానికి 1996 దాకా పట్టింది. ఇప్పుడు "తొంభైలు" అనగానే మనకి నాస్ గుర్తొస్తాడు. కాలం జల్లెడ పట్టేసింది. పాత కాలం నుంచి గింజలే మిగిలాయి. ఈ కాలం మాత్రం పొట్టుతో సహా మన ముందుంది. గింజల్ని తెచ్చి పొట్టు పక్కన పెట్టి పోల్చడం న్యాయం కాదు.

4. డబ్బు, రేడియో, దక్షిణం (1996–2008)

టూపాక్‌ని 1996 సెప్టెంబరులో, బిగ్గీని 1997 మార్చిలో కాల్చి చంపేశారు. చాలామంది బంగారు కాలం అక్కడ ముగిసింది అంటారు. కానీ ఇంకో మార్పు చప్పుడు లేకుండా జరిగింది. 1996లో అమెరికాలో టెలికమ్యూనికేషన్ చట్టం వచ్చింది. ఒక కంపెనీ దేశం మొత్తం మీద ఎన్ని రేడియో స్టేషన్లు పెట్టుకోవచ్చు అనే పరిమితి ఎత్తేశారు. కొన్నేళ్లలో క్లియర్ ఛానెల్ అనే ఒక్క కంపెనీ చేతిలో 1,200 పైన స్టేషన్లు చేరాయి. ఊరి డీజే తన ఊరి కుర్రాడి పాట వేసే వీలు తగ్గింది. ఒకే లిస్టు అన్ని ఊళ్లలో. ర్యాప్‌లో క్వాలిటీ పడిపోయింది అనే మాట ఎక్కడైనా నిజమైతే అది ఈ కాలం రేడియోలో నిజం. అక్కడ కార్లు, గొలుసులు, ఆడవాళ్లని వస్తువులుగా చూపించడం ఎక్కువైపోయింది. ఆడవాళ్ల మీద చులకన అంతకుముందు లేదని కాదు, బంగారు కాలంలోనూ బోలెడుంది. కానీ ఇప్పుడు అమ్ముడుపోయే ఫార్ములా అయింది.

అదే సమయంలో రేడియో బయట ఏం జరిగిందో చూడండి. 1998లో లారిన్ హిల్ ఆల్బమ్ వచ్చింది. 1999లో గ్రామీల్లో ఆ ఏడాది ఉత్తమ ఆల్బమ్‌గా నిలిచింది. హిప్ హాప్‌కి ఆ అవార్డు రావడం అదే మొదటిసారి. 2004లో మ్యాడ్‌విలన్ అనే జంట తెచ్చిన 'మ్యాడ్‌విలనీ' మాటల కూర్పులో 1994 ఆల్బమ్‌లకి ఏమాత్రం తీసిపోదు.

ఇక దక్షిణం సంగతి. 1995లో న్యూయార్క్‌లో జరిగిన సోర్స్ అవార్డుల్లో అట్లాంటా నుంచి వచ్చిన అవుట్‌కాస్ట్‌కి బహుమతి వస్తే జనం గేలి చేశారు. ఆండ్రే అనే ఆ కుర్రాడు మైకు ముందు నిలబడి, దక్షిణానికి కూడా చెప్పాల్సింది ఉందని ఒక్క ముక్కలో చెప్పి దిగిపోయాడు. యాస వేరు, ఊరు వేరు, కాబట్టి తక్కువ అన్నది న్యూయార్క్ వాళ్ల లెక్క. యాస చూసి నవ్వడం ఎలా ఉంటుందో ఏజెన్సీ నుంచి సిటీ కాలేజీకి వెళ్లినవాళ్లందరికీ తెలుసు. తర్వాతి ఇరవై ఏళ్లు హిప్ హాప్‌ని నడిపించింది ఆ అట్లాంటానే. 2004లో అవుట్‌కాస్ట్‌కి కూడా గ్రామీ ఉత్తమ ఆల్బమ్ వచ్చింది.

5. ఫోన్ కాలం (2008 నుంచి ఇప్పటిదాకా)

2007లో పదిహేడేళ్ల సోల్జా బాయ్ కంప్యూటర్ సాఫ్ట్‌వేర్‌తో చేసిన పాటతో నంబర్ వన్ అయ్యాడు. సీనియర్లు "హిప్ హాప్‌ని చంపేశాడు" అని తిట్టారు. కానీ స్టూడియో లేని కుర్రాడికి దారి కనిపించింది అప్పుడే. సౌండ్‌క్లౌడ్, యూట్యూబ్, తర్వాత స్పాటిఫై వచ్చాయి. 2017లో అమెరికాలో జనం ఎక్కువగా వినే సంగీతంగా ఆర్ అండ్ బీ, హిప్ హాప్ కలిసి మొదటి స్థానానికి వచ్చాయి.

ఇక్కడ కూడా మెషిన్ పాటని మార్చింది. స్పాటిఫైలో 30 సెకన్లు వింటే ఒక స్ట్రీమ్ లెక్క. మూడు నిమిషాలు విన్నా ఒకటే, ఐదు నిమిషాలు విన్నా ఒకటే. అందుకని పాటలు పొట్టివవుతున్నాయి, ముందుమాటలు పోయి హుక్ ముందుకొస్తోంది. 2019లో 19 వారాలు నంబర్ వన్‌గా ఉన్న లిల్ నాస్ ఎక్స్ 'ఓల్డ్ టౌన్ రోడ్' మొదటి వెర్షన్ రెండు నిమిషాలు కూడా లేదు. ఇది ఈ కాలంలో నిజంగా పోయిన విషయం. మూడు చరణాల్లో కథ చెప్పే ఓపిక తగ్గింది.

మరి "గొణుగుడు" సంగతి? మీగోస్ 2013లో 'వెర్సాచీ'తో జనంలోకి తెచ్చిన నడక చూడండి. ఒక బీటుకి మూడు అక్షరాలు. మెంఫిస్‌లో త్రీ సిక్స్ మాఫియా తొంభైల్లోనే ఈ నడక వాడింది. మూడు దెబ్బల నడక అంటే డోలు కొట్టేవాళ్లకి వెంటనే అర్థమైపోతుంది. అక్కడ గొంతు మాట చెప్పడం కంటే డ్రమ్ముతో కలిసి వాయించే పని చేస్తోంది. మాటల కోసం వింటే తక్కువగా అనిపిస్తుంది, లయ కోసం వింటే దొరుకుతుంది. మాటలే కావాలంటే అవీ ఉన్నాయి. కెండ్రిక్ లమార్ 2017 ఆల్బమ్ 'డ్యామ్'కి 2018లో పులిట్జర్ బహుమతి వచ్చింది. క్లాసికల్, జాజ్ కాకుండా వేరే సంగీతానికి అది రావడం అదే మొదలు.

6. మరి ఏ కాలం గొప్పది?

కొందరు దీన్ని అంకెల్లో తేల్చాలని చూశారు. 2014లో మ్యాట్ డేనియల్స్ అనే అతను ఒక్కొక్క రాపర్ మొదటి 35,000 మాటలు తీసుకుని, అందులో వేర్వేరు పదాలు ఎన్ని అని లెక్కపెట్టాడు. అందరికంటే పైన ఏసప్ రాక్. అట్టడుగున డీఎంఎక్స్. మరి డీఎంఎక్స్ గొంతు విని ఏడ్చినవాళ్లు ఎంతమందో! పదాల సంఖ్య ఒక సంగతి చెప్తుంది, అంతే.

నా లెక్క అడిగితే ఇలా చెప్తాను. ఆల్బమ్ కట్టడంలో, ప్రాసలో ఒకేసారి అంతమంది పైకి వచ్చింది 1986–96 కాలమే. ఆ పేరు వాళ్లకి న్యాయమే. లయలో, గొంతుని వాడే పద్ధతుల్లో తర్వాతి కాలం చాలా ముందుకెళ్లింది. ఎవరు పాడొచ్చు, ఏ ఊరి నుంచి, ఏ యాసలో పాడొచ్చు అనే లెక్కలో ఇప్పటి కాలాన్ని మించింది లేదు. ఒక్క విషయంలో మాత్రం ఏ కాలమూ బాగాలేదు. చేసినవాడికి దక్కడంలో.

కాజ్ కథ చూశాం. ఇంకొకటి చూడండి. జేమ్స్ బ్రౌన్ 'ఫంకీ డ్రమ్మర్'లో డ్రమ్ములు వాయించింది క్లైడ్ స్టబుల్‌ఫీల్డ్. ఆ కొన్ని సెకన్ల వాయింపుని వందలకొద్దీ ర్యాప్ పాటల్లో వాడుకున్నారు. పాట రాసినవాడిగా పేరు లేదు కాబట్టి అతనికి ఆ శాంపిళ్ల మీద రాయల్టీ రాలేదు. 2017లో చనిపోయాడు. చట్టం దృష్టిలో పాట కాగితం మీద ఉన్నవాడిది. చేత్తో వాయించినవాడు, గొంతుతో మోసినవాడు లెక్కలోకి రాడు.

7. ఇందులో మనకేంటి?

ప్రపంచంలో మనలాంటివాళ్లు ఇప్పటికే ర్యాప్‌ని తమ భాషలోకి తెచ్చుకున్నారు. బ్రెజిల్‌లో గ్వారానీ కైయోవా తెగ కుర్రాళ్లు బ్రో ఎంసీస్ పేరుతో 2009 నుంచి గ్వారానీలో భూమి గురించి పాడుతున్నారు. ఆస్ట్రేలియాలో బేకర్ బాయ్ యోల్ఞు భాషలో పాడి, 2019లో ఆ దేశపు యువ ఆస్ట్రేలియన్ పురస్కారం తీసుకున్నాడు. అమెరికాలో క్రో తెగకి చెందిన సూపామ్యాన్ తన తెగ వేషంలోనే పాడతాడు. వీళ్లని న్యూయార్క్ 1994తో పోల్చి మార్కులు వేస్తే ఏమొస్తుంది? ఒక పిల్లాడు తన భాషలో మాట్లాడటానికి సిగ్గుపడటం మానేశాడా అన్నది కూడా క్వాలిటీయే.

మన దగ్గర కూడా గోండీ, కోయ, కువి, లంబాడీ పాటలు బీట్ల మీదకి ఎక్కుతున్నాయి. మంచిదే. కానీ తమిళంలో 2021లో వచ్చిన 'ఎంజాయ్ ఎంజామీ' సంగతి గుర్తుంచుకోండి. అరివు తన అవ్వ తరం కష్టాన్ని పాటగా రాసి పాడాడు. కోట్లమంది విన్నారు. ఆ తర్వాత ఎవరి పేరు ముందుండాలి అని పెద్ద గొడవ. 2024లో సంగీత దర్శకుడు సంతోష్ నారాయణన్, ఆ పాట మీద తమకి రూపాయి కూడా రాలేదని బహిరంగంగా చెప్పాడు.

కాబట్టి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మన ఊళ్లో అవ్వ పాడినదో, తాత డోలు వాయించినదో రికార్డు చేసి బీటు కట్టేముందు నాలుగు పనులు చేయండి. ముందు అడగండి. పేరు, ఊరు, తేదీ రాసుకోండి. పాట కింద ఆ పేరు పెట్టండి. డబ్బులొస్తే ఎవరికెంత అని ముందే కాగితం మీద మాట్లాడుకోండి. తరతరాల పాటకి రచయిత పేరు లేకపోవచ్చు. కానీ మన కాపీరైట్ చట్టంలో ప్రదర్శకుల హక్కు అని ఒకటుంది. పాడినవాళ్లకి, వాయించినవాళ్లకి తమ ప్రదర్శన మీద 50 ఏళ్ల పాటు హక్కు ఉంటుంది. వాళ్ల అనుమతి లేకుండా రికార్డు చేసి అమ్ముకోడానికి వీల్లేదు. మన పాట బయటివాళ్లు తీసుకున్నప్పుడు ఈ మాట ఎంత గట్టిగా అడుగుతామో, మన అవ్వ దగ్గర మనం తీసుకున్నప్పుడు కూడా అంతే గట్టిగా పాటించాలి.

సమ్మక్క–సారలమ్మ కథని కోయ డోలి మీద చెప్పిన సకిని రామచంద్రయ్య తాతకి 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన వెళ్లిపోయారు. అలాంటి తాతలు, అవ్వలు ఇంకా మన గూడేల్లో ఉన్నారు. పాతది గొప్పదా కొత్తదా అని రాత్రంతా వాదించుకుందాం, తప్పులేదు. తెల్లారాక మాత్రం ఒకళ్లు వెళ్లి వాళ్ల ముందు కూర్చోండి. మీ ఊళ్లో అలా పాడేవాళ్లు, వాయించేవాళ్లు ఉంటే వాళ్ల అనుమతి తీసుకుని పేరు, ఊరు ఇక్కడ రాయండి. ఒక లిస్టు తయారు చేద్దాం.